ఫెజ్ నగరమున తోళ్ల లందలు

మొరాకో దేశమున ఫెజ్ అను ప్రాచీననగరము కలదు. ఆ దేశమును జూడబోవువారు దాని పాతనగరమును జూడక మరలుట యరుదు. పాతనగరమున బ్రవేశించినవారు అచ్చటి తోళ్ల లందలను జూడక మరలుట మఱింత యరుదు. మేమును బోయితిమి, చూచితిమి. పోయివచ్చినవారందఱును జెప్పు మాటలు మూడు: రంగులు కన్నులపండువు, కంపు దుర్భరము, అంగడివారు గడుసువారు. ఈ మూడును నిజమే. కాని తెనుగునాటనుండి పోయినవానికి ఆ లందలయొద్ద నాలుగవమాట యొకటి తోచవలసియున్నది. అది తోచక కేవలము ఛాయాచిత్రములు దీసికొని మరలినచో నంతదూరము పోయిన వ్యయము వృథా యని మా యభిప్రాయము.

ఈ నగరమును 8వ శతాబ్ది తుదియందును 9వ శతాబ్ది మొదటను ఇద్రీసు వంశపురాజులు స్థాపించిరి. స్పెయినులోని కొర్దోబానుండి వెడలగొట్టబడినవారు ఏటి కొక దరిని, నేటి ట్యునీసియాలోని కైరవాన్ నుండి వలసవచ్చినవారు రెండవ దరిని నిలిచిరి. కాలక్రమమున ఆ రెండూళ్లును నొక్కటయ్యెను. 1912లో ఫ్రెంచివారు మొరాకోను దమ సంరక్షణము క్రిందికి దెచ్చుకొని, పాతనగరమును గూల్చక, దానికి వెలుపల దమకొఱకు గ్రొత్తనగరము గట్టుకొనిరి. పాతది చెడకుండుటకు నిది కొంత కారణము. అందలి జనులు పైనుండి చూచువారి కొక చిత్రపటములోని బొమ్మలుగా గనబడ మొదలిడుటకును నిదియే కారణము. 1956లో దేశము స్వతంత్రమయ్యెను; 1981లో యునెస్కోవారు పాతనగరమును బ్రపంచవారసత్వస్థలముగా బ్రకటించిరి. అటుపిమ్మట యాత్రికులకు గొదువలేదు.

1913లో గట్టిన బాబ్ బూ జలూద్ అను ద్వారము వెలుపల నీలపు పలకలతోను లోపల పచ్చని పలకలతోను దీర్చబడియున్నది. దానిని దాటినపిమ్మట మోటారుబండ్లు లేవు. వీధులు మా సీమలోని ఇరుకుసందులకన్నను ఇరుకు. కంచరగాడిదలపైని సరకులు దోలుకొనివచ్చువారు "బాలక్, బాలక్" అని కేకవేయుదురు, తప్పుకొమ్మని యర్థము. ఒదిగి గోడ కంటుకొననివానిని మూట రాచికొనిపోవును. ధనికుడైన యాత్రికుడును, బట్టలుదుకు కూలియు నొకేవిధముగా గోడ కంటుకొనుట మా కెంతయు నచ్చినది.

అంగళ్లు వృత్తులవారీగా నేర్పడియున్నవి. సుగంధద్రవ్యములవారి బజారు అత్తారీన్, రాగిపాత్రలు గొట్టువారి కూడలి సెఫ్ఫారీన్, వడ్రంగులది నెజ్జారీన్. ఈ నగరమున బెరిగి, పిదప సముద్రపుదొంగలకు జిక్కి రోమునగరము చేరిన హసన్ అల్ వజ్జాన్, ఐరోపావారు లియో ఆఫ్రికానస్ అను నాతడు, 1550లో వెనిసునగరమున నచ్చుపడిన తన గ్రంథములో నిచ్చటి వృత్తులను బజార్లను వివరించియున్నాడు. నేటికిని పెక్కు వృత్తులు వీధివీధిగనే యున్నవి. భారతదేశమువారమని తెలిసినతోడనే వర్తకులు హిందీ చలనచిత్రనటుల పేర్లు బిగ్గఱగా బిలిచి మమ్ము నిలువరించిరి. చెప్పులజతకు మొదట నాలుగువందల దిర్హములు చెప్పిన వర్తకుడు, తేనీరు త్రాగించి, మా పిల్లల సంఖ్య యడిగి, తన పిల్లల సంఖ్య చెప్పి, తుదకు 150 దిర్హములకు నిచ్చెను. హైదరాబాదు సుల్తానుబజారున బేరమాడినవారికిది క్రొత్తవిద్య గాదు. యాత్రికులు దీనిని మోసమని ఫిర్యాదుచేయుట వినియున్నాము. నిర్ణీతమైన వెల యన్నది ప్రపంచమున నిన్నమొన్నటి యాచారమని వారెఱుగరు కాబోలు.

ఈ నగరమునకును మనకును బూర్వసంబంధ మొకటి కలదు. 1325లో టాంజియరునుండి బయలుదేఱిన ఇబ్న్ బతూతా, ఢిల్లీలో ముహమ్మద్ తుగ్లక్ కొలువున న్యాయాధిపతియై, మలబారు తీరమును, మధుర సుల్తానుల సీమను జూచి, తుదకు ఫెజ్ చేరెను. సుల్తాను అబూ ఇనాన్ ఆజ్ఞవలన తన ప్రయాణములను జెప్పి వ్రాయించి 1355లో ముగించెను. మన దేశపు వింతలను అతని నోట వినియుండిన నగరమున, మేము వింతలు చూడబోయిన వారమైతిమి.

సెఫ్ఫారీన్ కూడలికి జేరువనే ఖరవియ్యీన్ మసీదును విద్యాపీఠమును గలవు. దీనిని 859లో కైరవాన్ వంశీయురాలగు ఫాతిమా అల్ ఫిహ్రి యను స్త్రీ తన సొత్తుతో గట్టించెనని యచ్చటివారి సంప్రదాయము. ఆ దేశమున అన్యమతస్థులకు మసీదులలో బ్రవేశము సాధారణముగా లేదు. కావున మేము గుమ్మముకడ నిలిచి లోపలి చలువరాతి ముంగిలిని, నీటితొట్టిని జూచితిమి. మా ప్రక్క నిలిచిన యొక యాత్రికు డీ నియమమును గూర్చి యాగ్రహించెను. మాకు ఆగ్రహము రాలేదు. గుమ్మముకడ నిలిచి లోనికి దొంగిచూచుట యెట్లుండునో మా దేశమున గోట్లకొలది జనులు తరతరములుగా నెఱుగుదురు. వారికది యొకపూట విహారము గాదు.

ఈ మసీదునుండి నాలుగడుగులు నడచినచో లందలు. చువారా యని వాని పేరు. ఏటిదాపున, తేనెపట్టులోని గదులవలె నొకదాని నొకటి యంటియున్న తొట్లు. తెల్లని తొట్లలో సున్నము, పావురపురెట్ట, నీరు. వానిలో గొఱ్ఱె, మేక, ఆవు, ఒంటె తోళ్లను నాననిచ్చి, వెండ్రుకలను గీకి, మెత్తపఱతురు. పిదప గుండ్రని రంగుతొట్లలో ముంతురు. పూర్వము నీలిమందు, గోరింట, గసగసాల పూవు మొదలగువానినుండి రంగులు దీసెడివారు. ఇప్పుడు రసాయనపు రంగులును వచ్చినవి. మనుష్యులు తొడలలోతున దిగి కాళ్లతో ద్రొక్కుచున్నారు. సున్నము తినిన కాళ్లచర్మ మెట్లుండునో దూరమునుండి కనబడదు. ఐరోపాలో గ్రంథములకు బైయట్టలు గట్టుటకు వాడిన మేలిమి మేకతోలునకు ఈ దేశముపేరనే మొరాకోతోలని పేరు. ఎందఱి పుస్తకాలయములలో బంగారుటక్షరముల క్రింద నీ కాళ్ల శ్రమ యడగియున్నదో!

చూచుటకు మిద్దె యెక్కవలెను. మిద్దె తోలుసరకుల అంగడివానిది. ఎక్కువారి చేతికి నతడొక పుదీనారెమ్మ నిచ్చును. దానిని ముక్కుకడ నుంచుకొని, వంగి, క్రిందివారిని ఛాయాచిత్రములు దీసికొందురు. మేము గడియసేపు నిలిచి వారి మాటలు వింటిమి. "ఎంత సొగసు!" అని యొకరు, "వీరి కింతకన్న వేఱు పని దొరకదా?" యని యొకరు. క్రింది పనివా రెవ్వరును తలయెత్తి చూడలేదు. పుదీనారెమ్మ యిచ్చినవానికి అమ్మకపులాభము. చిత్రము దీసినవానికి చిత్రము. తొట్టిలోని వానికి నా చూపులవలన నేమి గలిగెనో మాకు గనబడలేదు.

తెనుగువానికి తోచవలసిన మాట యని మొదట జెప్పితిమి. లంద యను మాట మన భాషలో నిప్పటికిని గలదు; దానిని వినగానే నాసిక ముడుచుకొనువారును గలరు. మన పల్లెలలో మాదిగలు తంగేడుచెక్కతోను కరక్కాయతోను తోళ్లు పదునుచేసిరి. మోటలకు తోలు తొండములు, ఎడ్లకు పట్టెడలు, కాపుకు చెప్పులు, జాతరకు డప్పు — ఇవి లేక వ్యవసాయమును లేదు, పండుగయు లేదు. తంగేడుచెక్కతో బదునైన చెన్నపట్టణపు తోళ్లు ఓడలపై విదేశములకు బోయెను. ఆ తంగేటి పూవునే తెలంగాణమున బతుకమ్మపై మొదటివరుసగా బేర్చుదురు. పూవునకు పళ్లెములో జోటు. చెక్క నుడికించినవానికి ఊరిచివర చోటు. గాలి యే దిక్కుననుండి వీచునో చూచి యా చివరను నిర్ణయించిరని పెద్దలు చెప్పుదురు. 1941లో జాషువకవి గబ్బిలమున, గుడి యెదుట దనకు ద్వారము మూయబడినందున నొక చర్మకారవంశజుడు గబ్బిలముచేత శివునకు మొఱ పంపుకొనెను. గబ్బిలమున కడ్డు లేదు గదా!

ఫెజ్ నగరమున కంపు మన లందకంపే. సున్నమును మన సున్నమే. భేదము చోటులో నున్నది. అచ్చట లందలు ఊరినడుమ, విద్యాపీఠమునకు మాటవినబడు దూరమున గలవు. లందశాల బంగారుశాల యని యచ్చటి సామెత. తోలు పదునుచేయువానిని అరబ్బీలో దబ్బాగ్ అందురు. 18వ శతాబ్ది ఆరంభమున నీ నగరముననే కీర్తిశేషుడైన అబ్దుల్ అజీజ్ అద్దబ్బాగ్ అను సాధువునకు అదియే యింటిపేరు. ప్రవక్తవంశజులమని చెప్పుకొను కుటుంబ మా పేరును మార్చుకొనలేదు. మన దేశమున నట్టి యింటిపేరుగలవాడు పట్టణమునకు వచ్చి మొదట జేయు పని దానిని దాచుటయే.

ఇంతమాత్రమున ఫెజ్ నగరము సమత్వమునకు నిలయ మని చెప్పబోము. తోలుపనివానికి గన్యనిచ్చుట తక్కువతనమని వ్రాసిన ముసల్మాను ధర్మశాస్త్రజ్ఞులును గలరు. 19వ శతాబ్దిలో నీ బజార్లయందే నల్లజాతి బానిసలు విక్రయింపబడిరి. తొట్టిలోని వాని కూలి స్వల్పము. పనివానిని తక్కువగా జూచుట యన్నిదేశములను గలదు. పుట్టకముందే తక్కువవానిగా జేసి, దానికి దైవమును సాక్షిగా నిలుపుట మాత్రము మన విద్య.

మేము మిద్దె దిగి, దారిచూపుటకు వచ్చిన విద్యార్థిని వెంటబెట్టుకొని లందలలోనికి బోయితిమి. అరువదియేండ్లు దాటిన యొక పనివాడు తొట్టిగట్టుపై గూర్చుండి తేనీరు త్రాగుచుండెను. మే మే దేశమువారమో యడిగి, "మీయొద్ద నీపని యెవరు చేయుదురు?" అనెను. దానికొక కులము గలదంటిమి. విద్యార్థికి కులమను మాటకు సరియైన యరబ్బీమాట దొరకలేదు. కొంతసేపు యోచించి కుటుంబమని చెప్పెను. ముసలివాడు సంతోషించి, తన తండ్రియు తాతయు నిదేపని చేసిరనెను. ఆ యర్థము నట్లే విడిచిపెట్టుటకు మాకు మనసొప్పలేదు. వారిని ఊరివెలుపల నుంచిరని, వారు ముట్టిన నీటిని త్రాగకుండిరని, గుడిలోనికి రానీయకుండిరని, 1950లో రాజ్యాంగము దానిని నిషేధించినను ఆచార మనేకస్థలముల నింకను జావలేదని వివరముగా జెప్పితిమి. విద్యార్థి నడుమ నాగి, తాను సరిగా వినెనా యని మమ్ము రెండుమాఱులడిగెను. పిదప ముసలివాని కెఱిగించెను.

"మఱి యా తోలుతో గుట్టిన చెప్పులు తొడుగుకొనరా?" అని ముసలివాడడిగెను.

తొడుగుకొందురంటిమి.

"అందఱును?"

"అందఱును."

అతడు గ్లాసు క్రిందబెట్టి తొట్టిలోనికి దిగెను.

తిరిగివచ్చుచు త్రోవలో విద్యార్థి, ఆ కులమువాడు వేఱొక పని చేయగోరినచో నేమగునని యడిగెను. ఈమాఱు తనకొఱకే యడిగెను. చదివి వైద్యులు, ఉపాధ్యాయులు, న్యాయవాదులైనవారు వేలకొలది గలరనియు, ఐనను వారి పేరు విన్నపిమ్మట ఇంటిపేరును, ఇంటిపేరు విన్నపిమ్మట ఊరిలో నే వాడయో యడుగువారు నింకను గలరనియు జెప్పితిమి. అప్పటికి సెఫ్ఫారీన్ కూడలి చేరితిమి. రాగిపాత్రలమీద సుత్తెల మ్రోతలో నతడు బదులేమి చెప్పెనో మాకు వినబడలేదు.