ఒడ్డెక్కాక పది నిమిషాలు

ఫిబ్రవరి పొద్దున టైన్‌మత్ కోట కింద, కింగ్ ఎడ్వర్డ్స్ బే ఒడ్డున, అక్క ఈతయ్యాక తొడుక్కునే పొడవాటి రోబ్ పట్టుకుని నిలబడ్డాను. ఉత్తర సముద్రంలో నీళ్లు ఆ నెలలో ఆరేడు డిగ్రీలుంటాయి. అక్క ఆరు నిమిషాలు ఈదొచ్చింది. ఒళ్లంతా గగుర్పొడిచి ఉంది, ముఖం నిండా నవ్వు.

"చలెయ్యట్లేదా అక్కా?"

"ఇప్పుడు కాదురా, ఇంకో ఐదు నిమిషాలకు చూడు. ముందు అదిటివ్వు."

నీళ్లలోంచి బయటపడితే చలి వదులుతుందనే నేనూ అనుకునేవాణ్ణి. వదలదు. చన్నీళ్లు తగలగానే చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుపోతాయి. ఒడ్డెక్కాక కూడా, చల్లబడిపోయిన చర్మమూ కండా ఒంటి లోపలి వేడిని లాగుతూనే ఉంటాయి. ఈతగాళ్లు దీన్ని ఆఫ్టర్‌డ్రాప్ అంటారు. చాలామందికి అసలు వణుకు బట్టలు మార్చుకునే వేళకే పట్టుకుంటుంది. సరిగ్గా అప్పుడే వేళ్లు మొద్దుబారి గుండీ పెట్టుకోవడం కూడా చేతకాదు.

దానికి తోడు గాలి. ఎండాకాలం మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో మనకు తెలుసు. కుండకు పట్టిన చెమ్మ ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. తడి ఒంటితో గాలికి నిలబడ్డ మనిషీ ఆ కుండలాంటివాడే. ఒక గ్రాము నీరు ఆవిరవడానికి పట్టే వేడితో ఐదు గ్రాముల మంచునీళ్లను మరిగించవచ్చు. జుట్టులోంచి, ఈత బట్టల్లోంచి కారే నీళ్లెన్నో చూస్తే ఆ లెక్క భయపెడుతుంది.

అక్క రోబ్ మోకాళ్లు దాటుతుంది. పెద్ద టోపీ ఉంది. బయటిది గాలీ వానా చొరని నైలాన్, లోపలంతా దట్టమైన ఫ్లీస్. అది తనంతట తాను వేడి పుట్టించదు. ఒంట్లో మిగిలిన వేడినే జారిపోకుండా పట్టి ఉంచుతుంది. అసలు పని ఆ బొచ్చు మధ్య చిక్కుకున్న గాలిది. కదలని గాలికన్నా నీరు పాతిక రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. నూలు తువ్వాలైతే తడిసి అణిగిపోయి, గాలి ఉండాల్సిన చోట నీళ్లు నింపుకుంటుంది. ఫ్లీస్ పోగులు నీళ్లు పీల్చుకోవు కాబట్టి తడిలోనూ కొంత నిక్కే ఉంటాయి. మహబూబ్‌నగర్ వైపు గొర్రెలు కాసే కురుమలు వానలో గొంగడిని ముసుగులా మడిచి నెత్తిన వేసుకునేవాళ్లు. ఉన్ని తడిసినా వెచ్చదనం పూర్తిగా పోదు. ఆ పోగుల మధ్యా ఉన్నది గాలే.

డెవన్‌కు చెందిన గిడియన్ బ్రైట్ 2010లో ఇలాంటి రోబ్‌లు అమ్మే డ్రైరోబ్ కంపెనీ మొదలుపెట్టాక ఈ బట్ట బ్రిటన్ తీరమంతా పాకింది. వెక్కిరింపులూ వచ్చాయి. డబ్లిన్ దగ్గర ఫార్టీ ఫుట్ అనే ఈతల రేవులో 2020లో ఇవి వద్దని బోర్డు కూడా వెలిసింది. ఈదనివాళ్లూ తొడుక్కుని షికార్లు తిరుగుతున్నారన్నది వెక్కిరించేవాళ్ల కోపం. తిరగనివ్వండి. అక్క పెదవులు నల్లబడటం చూసినవాణ్ణి, నాకది సోకులా కనిపించలేదు.

నాకు బాగా నచ్చింది రోబ్ వెడల్పు. అక్క తన చేతులను రోబ్ చేతుల్లోంచి లోపలికి లాక్కుంది. బట్ట కాసేపు గుడారంలా కదిలింది. తడి ఈత బట్టలు కాళ్ల దగ్గర పడ్డాయి, ఆ వెనకే పొడి బట్టలు ఒంటిమీదికెక్కాయి. పొడి లుంగీ పళ్లతో పట్టుకుని తడిది జారవిడిచే మగవాళ్లం మనం. ఆడవాళ్లకు ఏటి ఒడ్డున ఆపాటి వీలైనా ఎప్పుడుంది? ఆమె మాత్రం ఎవరి కళ్లకూ జంకకుండా, తన గదిలో ఉన్నట్టే మార్చుకుంది.

వణుకు అప్పుడు మొదలైంది. దవడలు టకటకమన్నాయి. ఫ్లాస్కులో టీ పోసిచ్చాను. ఇంటికెళ్లి వేడినీళ్లు పోసుకోమన్నాను.

"వద్దురా. ముడుచుకున్న నరాలు ఒక్కసారి తెరుచుకుంటే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. మెల్లగా వెచ్చబడాలి."

టీ సగమయ్యేసరికి మాట స్థిమితపడింది. కాళ్లు మేజోళ్లలో దూరాయి గానీ, బూటు లేసు దగ్గర వేళ్లు ఇంకా మాట వినలేదు. కాలు నావైపు చాచింది. ఇసుకలో మోకాలేసి ముడివేశాను. రోబ్ అంచు నా చేతి మీద పడింది. వెచ్చగా ఉంది.