పునాది మారని ఆట



మా గండిమైసమ్మ చౌరస్తా చుట్టుపక్కల ఇంజనీరింగు కళాశాలలున్నాయి. అక్కడ చదివే యౌవనస్థులు కొందరు ఆదివారం మా ఇంటికి భోజనానికి వస్తుంటారు. వారి నోట తరచు వినబడే పేరు ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ రెండవ భాగం. కంప్యూటరులో రాజ్యం కట్టి, సైన్యం నడిపి, ఎత్తుకు పైయెత్తు వేసే ఆట అది. మన పులిమేక ఆటకు దూరపు చుట్టమనుకోండి.

1999లో వచ్చిన ఆట ఇంకా పాతబడలేదెందుకని వారినడిగాను. మొదట అందులో 13 జనాంగాలే. 2000లో 5 చేరాయి. 2013లో మరో 5. వాటిలో భారతీయులు ఒకరు. ఇంత పెద్ద దేశమూ ఒకే పేరు కింద! 2022లో ఆ ఒక్కరి స్థానంలో హిందుస్తానీలు, బెంగాలీలు, గూర్జరులు, ద్రావిడులు వచ్చారు. రాజేంద్ర చోళుని కథ కూడా చేరింది.

ఒక సంగతి గమనించండి. ఎవరు కొత్తగా వచ్చినా ఆహారం, కలప, బంగారం, రాయి కూడబెట్టవలసిందే. ఆ పునాది మారలేదు. వచ్చిన ప్రతివారికీ ఒక బలమూ, ఒక కొరతా పెట్టారు. ద్రావిడులకు ఓడలు, కాలిబంట్లు బలం. గుర్రపు దళం బలహీనం. అందరికీ అన్నీ ఇస్తే పేర్లు పెరుగుతాయి గాని ఆటలో కొత్తదనం రాదు.

అయితే తల్లిదండ్రులారా, పులిమేక పొద్దుగుంకితే ముగిసేది. కొత్తవి చేరుతూనే ఉండే ఆట తనంతట తాను ముగియదు. ఆ హద్దు ఇంట్లోనే పెట్టాలి. పెట్టేముందు ఒక్కసారి బిడ్డల పక్కన కూర్చొని, “నీది ఏ జనాంగం? దాని కొరత ఏమిటి?” అని అడగండి. ముందు తమ మాట విన్న తండ్రి మాటను పిల్లలు తేలికగా వింటారు.