దాదీమా ఉంగరం

అక్క వివాహ వ్యయం నిమిత్తం దాదీమా మంగ్నీ ఉంగరాన్ని విక్రయించాలని మేము అన్నదమ్ములం పత్తర్‌గట్టీకి వెళ్ళాము. "కాంతి తక్కువ, మళ్ళీ సాన పట్టిస్తేనే ధర" అన్నాడొక వర్తకుడు. మరొక దుకాణంలోని వృద్ధుడు భూతద్దాన్ని మా చేతికే ఇచ్చాడు. మూలలు గుండ్రంగా తిరిగిన చతురస్రం, ఎత్తైన శిరోభాగం, పైన చిన్న ముఖం, దాని నడుమ, మొన తీసివేసిన అడుగు చిరువలయంగా కనిపించింది. అడుగు చదునుగా ఉంటే 'రోజ్ కట్' అయ్యేది. ఇది 'ఓల్డ్ మైన్ కట్'. 1919లో టోల్కోవ్‌స్కీ కాంతి గణితం వెలువడక పూర్వపు చేతిపని. మళ్ళీ సాన పడితే బరువూ, ఆ తీరూ రెండూ పోతాయి.

ఆ రాత్రి దీపం ముందుంచగా వజ్రం నిప్పురవ్వలు చిమ్మింది. "ఉంగరం ఉండనివ్వండి, విందు తగ్గించండి" అన్నది అక్క.

సోదర విద్యార్థులారా! పాతది మసకబారిందనే ముందు, దానిని ఏ వెలుగు కొరకు మలచారో విచారించడం మన విధి కాదా?