నీళ్లు పోసి చూసిన పడవ



ఈ వారం ఒక పాత అల్యూమినియం పడవ గురించి రాస్తున్నాం. "అయ్యగారూ, కొంటున్నారా, లేదా?" అని చాలామంది ఫోన్ చేసి అడుగుతున్నారు. అది మీ కానుకల డబ్బు గనుక, మా ఆలోచన ఎక్కడిదాకా వచ్చిందో మీకు తెలియాలి.

అవసరం మీరెరిగినదే. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో 71 అడుగులు దాటింది. మా వాగు పొంగడానికి అంత వరద అక్కర్లేదు. గోదావరి ఎగపోటు తన్నితే చాలు, అవతలి గూడేనికి దారి మూసుకుపోతుంది. జ్వరమొచ్చిన బిడ్డకైనా, నెలలు నిండిన తల్లికైనా అప్పుడు నాటు పడవే దిక్కు.

ఇట్లాంటప్పుడు దిగువ ఊరిలో ఒకాయన 14 అడుగుల పడవ అమ్ముతానన్నాడు. ధర 38 వేలు. మా దగ్గరున్నది మందిరం పైకప్పు రేకుల కోసం కూడబెట్టిన 52 వేలు. అందులో తునికాకు కూలీ ఉంది, మిరపకాయ కోత కూలీ ఉంది. అల్యూమినియం ఇనుములో మూడో వంతు బరువే, చెక్కలాగా చివకదు. యువకులకు చూడగానే నచ్చింది. "చిన్న లీకేజీ, ఎం-సీల్ పెడితే సరిపోద్ది" అన్నాడాయన.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో శతాధిపతి పౌలు మాటకంటే ఓడ నడిపేవాని మాట, ఓడ యజమాని మాట ఎక్కువగా నమ్మాడు. ఆ యజమాని అబద్ధమాడాడని వాక్యం చెప్పదు. తన ఓడ బయలుదేరాలని ఆయనకు ఉంటుంది కదా! కొనాలన్న ఆశ మనకున్నప్పుడు కూడా చిల్లు చిన్నదిగానే కనబడుతుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక గూడెం నుండి వచ్చిన ఒక అక్క లేచి నిలబడింది. "అయ్యగారూ, కొనేది మీరైనా ఎక్కేది మేమే గదా. ఒకసారి మా ముందట నీళ్లు పోసి చూపియ్యండి" అన్నది.

ఆమె చెప్పినట్టే చేశాం. పడవను గట్టు మీద దుంగలపై నిలబెట్టి, లోపల జానెడు లోతు నీళ్లు పోశాం. ఎక్కువ పోస్తే ఆ బరువుకు రేకే వంగుతుంది. బయట తడి కనిపించినచోటల్లా సుద్దముక్కతో గీత పెట్టాం. అడుగున తొమ్మిది రివెట్లు కారుతున్నాయి. వెనక భాగంలో, రంగు కింద, జానెడు పగులు బయటపడింది. మోటారు బిగించే చెక్క వేలితో పొడిస్తే పొడిపొడిగా రాలింది.

వదులైన రివెట్లను లోపల బరువైన ఇనుము ఆనించి, బయటినుండి కొట్టి బిగించవచ్చు. పగులుకు మాత్రం ఆర్గాన్ గ్యాస్ పెట్టి అల్యూమినియం అతికే పనివాడు కావాలి. గేట్లు, కిటికీలు చేసే వెల్డింగ్ షాపులో ఆ పని కాదు. మొత్తం 15 వేలు దాకా అవుతుందన్నారు. అంటే మా డబ్బు దాటిపోయింది. లైఫ్ జాకెట్ల ఖర్చు ఇంకా లెక్కలోకే రాలేదు.

"ప్రార్థన చేసి కొనేద్దాం, దేవుడే చూసుకుంటాడు" అన్నారు ఒక సహోదరుడు. ఆయన ప్రేమను మేము తక్కువ చేయం. అయితే నోవహును కాపాడతానన్న దేవుడే ఓడకు లోపలా బయటా కీలు పూయమన్నాడు. లూకా 14లో గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువే చెప్పాడు. లెక్క చూడటం అవిశ్వాసం కాదు ప్రియులారా. మన విశ్వాసానికి పక్కవారి ప్రాణాన్ని పూచీ పెట్టే హక్కు మనకు లేదు.

ఇంకొకటి. ఆ పగులు నిన్న మొన్నటిది కాదు, రంగు దాన్ని కప్పింది. మన జీవితాల్లోనూ దేవుడు కొన్నిసార్లు ఒడ్డు మీదే నీళ్లు పోస్తాడు. చిన్న మాటకు కోపం, కొద్దిపాటి డబ్బుకు తగాదా, అక్కడక్కడా తడి కనిపిస్తుంది. నడి ఏటిలో తెలియడం కంటే ఒడ్డున తెలియడం కృప. సుద్దగీత చూసి సిగ్గుపడి మళ్లీ రంగు పూయకండి.

పెద్దలందరం కలిసి తీసుకున్న నిర్ణయం ఇది. బయానా ఇవ్వలేదు. మరమ్మతు చేయించి, అందరి ముందు మళ్లీ నీళ్లు పోసి, చుక్క కారకపోతేనే ధర మాట్లాడతామని ఆయనకు చెప్పాం. మందిరం రేకులు ఇంకో ఏడాది ఆగుతాయి. వాన కురిస్తే బకెట్లు పెట్టుకుందాం. ముందు లైఫ్ జాకెట్లు కొంటాం, అవి నాటు పడవలోనూ పనికొస్తాయి. పడవ వచ్చినా వాగు దాటడానికే, గోదావరి మీదికి తీసుకుపోం.

తొలకరిలోగా పడవ సంగతి తేలకపోతే ఈ ఏడాది కొనం. అట్లని గూడేన్ని దేవుడికి వదిలేశామని చేతులు కడుక్కోం. నెలలు నిండుతున్న అక్కచెల్లెళ్లను వాగు పొంగకముందే ఇవతలికి తీసుకొస్తాం. వారికి ఒక గది, రెండు పూటల అన్నం కావాలి. ఎవరి ఇంట్లో చోటుందో ఈ ఆదివారంలోగా చెప్పండి. ఆ అక్క పిల్లలతో భయం లేకుండా వాగు దాటే రోజు కోసం మాతో కలిసి ప్రార్థించండి.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమెన్.