అసలు కదిలిన దసరా

మన దగ్గర వడ్డీని శాతాల్లో చెప్పరు, రూపాయల్లో చెబుతారు. రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ, మూడు రూపాయల వడ్డీ. వినడానికి ఎంత చిన్నగా ఉంటాయో! మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు నూటికి మూడు. ఏడాదికి 36 శాతం. లక్ష తీసుకున్నవాడు మూడేళ్లు తిరక్కముందే లక్ష వడ్డీ కట్టేస్తాడు. అసలు మాత్రం లక్షకు లక్ష అలాగే ఉంటుంది.

ఈ లెక్క నాకు జర్నలిజం డిప్లొమాలో చెప్పలేదు. ఏడో తరగతి దాటని మా అమ్మ చెప్పింది.

మాది గోదావరిఖని. అప్పట్లో కరీంనగర్ జిల్లా, 2016 నుంచి పెద్దపల్లి జిల్లా. నాన్న సింగరేణి బొగ్గుబాయి కార్మికుడు. నానమ్మ, అమ్మ, ఇద్దరక్కలు, నేను... అందరం ఆ ఒక్క జీతం మీదే. 2004లో పెద్దక్క పెళ్లికి లక్షన్నర అప్పయింది. హామీగా నాన్న పాస్‌బుక్కు, సంతకం పెట్టిన ఖాళీ ప్రామిసరీ నోటు అప్పిచ్చినాయన బీరువాలోకి వెళ్లాయి. జీతాల రోజున ఆయన బ్యాంకు దగ్గరే నిలబడేవాడు. కటింగులు పోను నాన్న చేతికొచ్చేది తొమ్మిది వేలు. అందులో 4,500 అక్కడే వడ్డీకి పోయేది.

బొగ్గుబాయిల ప్రాంతంలో ఇది వింతేమీ కాదు. గోదావరికి ఇటు మా ఖని అయినా, అటు అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని మందమర్రి, బెల్లంపల్లి అయినా నెలజీతం ఉన్నవాడికి అప్పు ఇట్టే పుడుతుంది. చిన్న అవసరాలకు గిరిగిరి ఉండనే ఉంది. చేతికి 8,500 ఇచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. ఏడాదికి లెక్క కడితే ఆ వడ్డీ నూటికి నూరు దాటుతుంది.

ఏడాదంతా వడ్డీ కట్టాక అమ్మ నా పాత నోటుబుక్కు తీసి రెండు గీతలు గీసింది. ఒకవైపు ‘అసలు’, ఇంకోవైపు ‘వడ్డీ’. వడ్డీ వైపు నిండింది. అసలు వైపు ఒక్క అంకె మారలేదు. మర్నాడే మెడలో గొలుసు తీసి బ్యాంకులో పెడదామంది.

‘‘నలుగురు ఏమనుకుంటరే?’’ అన్నాడు నాన్న.

‘‘బీరువల పాస్‌బుక్కు ఉంటె ఏమనుకుంటలేరా?’’ అంది అమ్మ.

గొలుసు మీద 40 వేలొచ్చాయి, రూపాయి వడ్డీకి. ఆ మొత్తం మూడు రూపాయల అప్పుకు జమ అయింది. నెలకు 800 మిగిలింది. ఆ మిగులును అమ్మ ఇంటి ఖర్చులో కలవనివ్వలేదు, చిట్టీలో వేసింది. దసరాకు సింగరేణి ఇచ్చే లాభాల వాటా వస్తే, మాకు కొత్త బట్టలకన్నా ముందు అసలుకు జమ. నాన్న ఆదివారాలు ప్లేడేలు చేశాడు. 2009లో కొత్త వేతన ఒప్పందం బకాయిలు వచ్చినప్పుడు ఆయన మనసు మోటార్‌సైకిల్ మీదికి పోయింది. అమ్మ నోటుబుక్కు తెరిచి ముందు పెట్టింది. అంతే, మారు మాట్లాడలేదు. ఆ దసరాకు బాకీ తీరింది. పాస్‌బుక్కు ఇంటికొచ్చింది. నోటును నాన్న అక్కడే చింపేశాడు. గొలుసు మరుసటి ఏడాది విడిపించాం.

అందరూ కట్టిన ధర ఒకటి కాదు. ఇంటర్‌లో మంచి మార్కులు వచ్చినా చిన్నక్క ఇంజనీరింగ్ మాట ఎత్తలేదు. ఫీజు సంగతి మాకు చెప్పకముందే తనకు తెలుసు. సర్కారు కాలేజీలో డిగ్రీలో చేరింది. ఆమె వదులుకున్నది అమ్మ నోటుబుక్కులో ఏ వైపూ లేదు.

సింగరేణి 2025 దసరాకు లాభాల్లో 34 శాతం కార్మికులకు పంచింది. అప్పటికీ ఇప్పటికీ పోలికే లేదు. పాస్‌బుక్కు స్థానంలో ఏటీఎం కార్డు తాకట్టు పెట్టేవాళ్ల సంగతీ వింటూనే ఉన్నాం. ఇంట్లో ఒక్క జీతమే ఉంటే సంపాదించేవాడికి ఒక్కడికే లెక్క తెలిస్తే చాలదు. ఈ ఆదివారం అందరూ కూర్చుని ఒక కాగితం మీద రెండు గీతలు గీయండి. ఎక్కువ వడ్డీ అప్పు ఏదో ముందు గుర్తుపట్టండి. పిల్లలనూ పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్లు తమంతట తామే ఏదైనా వదిలేసుకునేలోపు, ఇంటి లెక్క ఏమిటో మీ నోటితో వినడం మంచిది.