ఆఱేండ్ల పన్ను



బాల్యమున మా తండ్రిగారు అమరకోశము వల్లెవేయించుచు, పంటికి రదనము, దశనము, దంతము, రదము అను నాలుగు పేరులు మాకు నేర్పిరి. పేరులు నేర్చితిమి గాని పంటి సంగతి తెలిసికొనమైతిమి. ఆ యజ్ఞానమునకు శిక్ష మాకు గాక మా యమ్మాయికి తగులుటయే మా విచారము.

కడచిన ధనుర్మాసమున ఒకనాటి రాత్రి, 11 ఏండ్ల మా యమ్మాయి దవడ పట్టుకొని యేడ్చుచు లేచి కూర్చుండెను. దీపము వేసి చూడగా, క్రింది వరుస వెనుకనున్న పెద్ద పంటి నడుమ నల్లని గుంట కనబడెను. ఆ నలుపును మేము నాలుగు నెలలుగా ఎరుగుదుము. "పాలపన్నే గదమ్మా, ఊడి మఱియొకటి వచ్చును" అని అత్తగారనిరి, మేమును నమ్మితిమి. ఆ రాత్రి లవంగనూనెలో ముంచిన దూది పంటిపై నుంచి, తెల్లవారువఱకు బిడ్డను ఒడిలో పెట్టుకొని కూర్చుంటిమి.

ఉదయమున మా వారు బడికి సెలవు పెట్టి, మమ్ములను దంతవైద్యురాలి కడకు తోడ్కొనిపోయిరి. పన్ను పీకివేయుడని మేమే వేడితిమి. ఆమె కోపింపక, "అమ్మా, ఇది పాలపన్ను కాదు. పీకినచో దీని చోట మఱియొకటి మొలవదు" అనిరి. మా గుండె ఝల్లుమనెను.

పాలపండ్లు 20. ఆఱవయేట వాని వెనుక, పై దవడకు రెండు, క్రింది దవడకు రెండు చొప్పున 4 శాశ్వతదంతములు మొలచును. ముందుగా ఏ పన్నును ఊడదు గావున, తల్లులు వానిని పాలపండ్లని భ్రమింతురు. వాని పైభాగమున సన్నని గాళ్లుండును. తిన్నది అందు చిక్కుకొనును. నోటిలోని సూక్ష్మజీవులు తీపిని ఆమ్లముగా మార్చి పంటిని కరగించును. నొప్పి తెలియునప్పటికి గుంట తఱచుగా లోపలి నరము చెంతకు చేరియుండును.

ఆమె ప్రతి పనిముట్టును ముందుగా బిడ్డకు చూపి, "నొప్పి కలిగినచో ఎడమచేయి యెత్తుము, ఆపెదను" అనిరి. బిడ్డ రెండుమారులు చేయి యెత్తెను, రెండుమారులును ఆపిరి. చేతి నేర్పొక యెత్తు, పసిబిడ్డకిచ్చిన మాట నిలుపుకొనుట యొక యెత్తు. అల్లరి చేసినచో పండ్ల డాక్టరునకు అప్పగింతుమని బిడ్డలను బెదరించినందులకు నాడు సిగ్గుపడితిమి. మూడుమారులు పిలిపించి, చెడిన నరము తీసి, వేరు శుభ్రపఱచి పూడ్చి, తొడుగు వేసి, పన్ను నిలిపిరి. పండుగ చీరల సొమ్మంతయు అందులకు చెల్లెను. నాలుగు నెలల ముందు పోయియుండినచో చిన్నపాటి పూడికతో తీరెడిది.

కావున సోదరీమణులారా, ఉదయమును, పరుండబోవు ముందును బిడ్డలచేత ఫ్లోరైడుగల పేస్టుతో పండ్లు తోమింపుడు. మూడేండ్లలోపు బిడ్డకు బియ్యపుగింజంత, ఆఱేండ్లవఱకు బఠాణీగింజంత చాలును, మ్రింగనీయకుడు. రాత్రి తోమిన పిదప మంచినీరు తప్ప మఱేమియు ఈయకుడు. ఇటుకపొడి, బొగ్గు మానుడు; అవి పంటి పైపొరను అరగదీయును. ఆఱేండ్ల పన్ను పూర్తిగా మొలచిన వెంటనే దాని గాళ్లను పూతతో మూయించు ఉపాయము కలదు; వైద్యుల నడుగుడు.

మా చిన్నవానికి ఈ మాసమున ఆఱవయేడు నిండినది. నిన్న ఒడిలో పరుండబెట్టుకొని చూడగా, క్రింది చిగుట వెనుకవైపున తెల్లని మొన యొకటి తోచినది. దానికి నాలుగు పేరులు కలవని కాక, అది యొకమారే వచ్చునని యిప్పుడు ఎరుగుదుము. మీరును మీ యింటి బిడ్డ నోరు తెఱపించి నేడే చూడుడు.