ఆగర్ నది ఒడ్డు నుంచి నాయినకు

కొలోన్, జర్మనీ
2025 మార్చి 26

నాయినా,

ముందు అమ్మకు చెప్పు: చలి ఉంది గాని స్వెట్టర్ సరిపోతున్నది, అన్నం కూడా దొరుకుతున్నది.

దంతవైద్య పరికరాల ప్రదర్శన నిన్న మొదలైంది. రెండేళ్లకోసారి ఇక్కడే జరుగుతుంది. ఈసారి 2,000కు పైగా కంపెనీలు వచ్చాయి. నోట్లో పెట్టి చూసే కెమెరాల దగ్గర, పన్నును అచ్చు తీసే ప్రింటర్ల దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. నేను మాత్రం పన్నును కోసే ములికులు, అంటే బర్లు పెట్టిన బల్లల దగ్గరే ఎక్కువసేపు నిలబడుతున్నా. గోరంత ములికి కోసం అంత దూరం పోవాలా అని బయలుదేరేటప్పుడు నువ్వు అడిగావు. బస్సు తొందరలో సరిగ్గా చెప్పలేదు. ఇప్పుడు చెబుతా.

మన దేవరుప్పుల నుంచి, కడవెండి, సింగరాజుపల్లి నుంచి పళ్లు చూపించుకోవడానికి నా దగ్గరికి వచ్చేవాళ్లు నొప్పి మొదలైన రోజున రారు. నాట్లు అయ్యాక, కోతలు అయ్యాక, లవంగ నూనె పెట్టి పెట్టి ఇక తట్టుకోలేక వస్తారు. అప్పటికి పిప్పి లోతుకు దిగి, దానికీ నరానికీ మధ్య సన్నని పొర ఒక్కటే మిగిలి ఉంటుంది. బర్ పదునుగా ఉంటే పుచ్చు మాత్రమే లేచి వస్తుంది. మొద్దుబారితే అది కొయ్యదు, రాపాడుతుంది. రాపాడితే వేడి. తెగడం లేదని డాక్టరు ఇంకాస్త నొక్కుతాడు, వేడి ఇంకా పెరుగుతుంది. 1965లో జాక్, కోహెన్ అనే పరిశోధకులు కోతుల పళ్ల మీద ఈ వేడిని కొలిచారు. నరం దగ్గర 5.5 డిగ్రీల సెల్సియస్ పెరిగేసరికి 15 శాతం పళ్లలో నరం మళ్లీ కోలుకోలేదు. అందుకే నీళ్లు చిమ్ముతూ పని చేస్తాం. కానీ మొద్దు బర్ చేసే చెరుపును నీళ్లు పూర్తిగా ఆపలేవు. సిమెంటు నింపి పంపితే సరిపోయే పన్నుకు రూట్ కెనాల్ చెయ్యాల్సి వస్తుంది. ఆ ఖర్చు భరించలేక మంచి పన్ను పీకించుకుని పోయిన కూలీల గురించి ఇంట్లో నీకు చెప్పుకుని బాధపడేదాన్ని, గుర్తుందా.

ఇక వేగం సంగతి. 1871లో అమెరికాలో మారిసన్ అనే ఆయన పేటెంటు తీసుకున్న యంత్రాన్ని కాలితో తొక్కి తిప్పేవాళ్లు. 1957లో బోర్డెన్ ఎయిర్‌రోటర్ తెచ్చాడు. గాలి వేగానికి తిరిగే చిన్న చక్రం అది. నిమిషానికి దాదాపు 3 లక్షల చుట్లు, అంటే సెకనుకు 5,000. తల 1.6 మిల్లీమీటర్ల మందమున్న బర్‌కు లెక్క వేసి చూశాను: దాని అంచు గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పన్నును తాకుతుంది. ఆ వేగంలో తల నడిమధ్య నుంచి వెంట్రుకవాసి పక్కకు జరిగినా అది కొయ్యదు, కొడుతుంది. పేషెంటు దవడ అంతా అదురుతుంది. ఎనామిల్‌లో సన్నని పగుళ్లు వస్తాయి. బర్‌ను పట్టి తిప్పే హ్యాండ్‌పీస్‌లో బేరింగులు త్వరగా పాడవుతాయి. నేను కుర్చీ పక్కన నిలబడి రోజూ చూసేది ఆ అదురునే. అది ఎక్కడ పుడుతుందో చూడాలని వచ్చాను.

నీ బిడ్డ


ఎంగెల్స్‌కిర్షెన్
మార్చి 28

నాయినా,

కొలోన్‌లో లోకల్ రైలెక్కితే గంటలోపే ఈ ఊరు. ఆగర్ అనే చిన్న నది, రెండు పక్కలా అడవి గుట్టలు. మన జనగామ కంటే చాలా చిన్నది. 1905 నుంచి బర్లు చేస్తున్న బుష్ కంపెనీ ఈ ఊరిదే. 1888లో మొదలైన మైజింగర్ నాయిస్‌లో ఉంది. 1923లో మొదలైన బ్రాసెలర్ ఇప్పుడు లెమ్గోలో ఉంది. ఒక్క రాష్ట్రంలోనే ఇన్ని, అందులోనూ మహానగరాల్లో కాదు. ఈ సంగతి నన్ను వదలడం లేదు.

ప్రదర్శనలో పరిచయమైన ఒక పెద్దాయన ఈ లోయలోనే ఉన్న తన వర్క్‌షాపుకు తీసుకుపోయాడు. కొలిమి పనివాడివైన నువ్వు ఉంటే ఏమడిగేవాడివో అవే అడిగాను: ఏ ఉక్కు, ఎంత కాక, పదును ఎట్లా నిలుస్తుంది.

తల అసలు ఉక్కు కాదు. టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిలో కోబాల్ట్ కలిపి, అచ్చులో నొక్కి, 1,400 డిగ్రీల దగ్గర కాలుస్తారు. ఆ కాకకు కోబాల్ట్ కరిగి కార్బైడ్ రేణువులను పట్టి ఉంచుతుంది. నీ సుత్తె కింద అది సాగదు, పగులుతుంది. దాన్ని వజ్రంతో సాన పడతారు. కాడ మాత్రం స్టెయిన్‌లెస్ ఉక్కు. ఈ రెంటినీ అతికేచోట ఆయన చాలాసేపు ఆగాడు. అతుకు ఊడితే తల పేషెంటు గొంతులోకి ఎగురుతుంది మరి. అందుకే ప్రతి బ్యాచ్‌లోంచి కొన్ని తీసి కావాలనే వంచి, విరిచి చూస్తారు. అమ్ముకునే సరుకును తమ చేతులతోనే విరిచేయడం చూస్తే నీకు నచ్చేది.

తర్వాత సాన. వజ్రపు పొడి అంటించిన చక్రాలతో తల చుట్టూ ఒక్కొక్క గాడి తీస్తారు. గట్టిగా కోసేవాటికి ఆరు, ఎనిమిది అంచులు. నునుపు చేసేవాటికి 12 నుంచి 30 దాకా. యంత్రం నడుస్తుంటే పైన నూనె ధార ఆగకుండా పడుతూనే ఉంటుంది. ఎయిర్‌రోటర్‌లో పెట్టే కాడ మందం 1.6 మిల్లీమీటర్లు. ఎవరు చేసినా అంతే ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం. పెట్టె మీద 15 అంకెల సంఖ్య ఉంటుంది. తల దేనితో చేశారు, కాడ ఏ రకం, ఆకారం ఏమిటి అన్నీ అందులోనే ఉంటాయి. చివరి మూడు అంకెలు మందం: 016 అంటే 1.6 మిల్లీమీటర్లు.

వజ్రపు బర్ల పద్ధతి వేరు. ఉక్కు ములికిని నికెల్ ద్రావణంలో ముంచి, కరెంటు పెట్టి, వజ్రపు రేణువులను దానికి పట్టిస్తారు. రేణువు సగానికి పైగా నికెల్‌లో మునగాలి, కొన బయట ఉండాలి. పూత తక్కువైతే రేణువులు రాలిపోతాయి. ఎక్కువైతే కొన మునిగి కొయ్యదు. కాడ మీద ఆకుపచ్చ గీత ఉంటే గరుకు, ఎరుపు సన్నం, పసుపు మరీ సన్నం. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల నుంచి లోకానికి వజ్రాలు పంపిన నేల మనది. ఆ వజ్రం పొడిగా మారి పేదవాడి పన్నుకు పనికొచ్చే విద్య మాత్రం ఇక్కడ నేర్చుకోవాల్సి వచ్చింది.

అన్నిటికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది ఇందుకు: కోసే యంత్రాల దగ్గర కంటే చూసే బల్లల దగ్గరే మనుషులు ఎక్కువ. ఒకామె బర్‌ను కెమెరా కింద తిప్పుతూ అంచు ఊగుతున్నదా అని తెర మీద చూస్తున్నది. నా కంటికి ఏ లోపమూ కనబడని ఒక దాన్ని పక్కన పడేసింది. తేడా ఒక మిల్లీమీటరులో కొన్ని నూరో వంతులు, అంతే.

సాయంత్రం నది వెంట నడిస్తే పాత నూలు మిల్లు కనబడింది. ఎర్మెన్, ఎంగెల్స్ కుటుంబాలు 1837లో పెట్టింది. మిల్లు పెట్టిన ఎంగెల్స్ మార్క్స్ స్నేహితుడైన ఎంగెల్స్‌కు తండ్రి. 1979లో మిల్లు మూతపడింది, ఇప్పుడు అక్కడ మ్యూజియం ఉంది. ఆ గోడ దగ్గర నిలబడితే తాతే గుర్తొచ్చాడు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్యను కాల్చి చంపాక, దొరల మీద పోరాడుతున్న సంఘం వాళ్లకు తాత మన కొలిమిలో బరిసెలు సాగదీశాడని నువ్వు చెప్పేవాడివి. ఆయన చదువుకోకపోయినా ఎంగెల్స్ పేరు విన్నాడు. ఈ ఊరికి ఆయన రావాల్సింది.

నీ బిడ్డ


బాలానగర్, హైదరాబాద్
ఏప్రిల్ 4

నాయినా,

దిగి రెండు రోజులైంది. ఇంటికి రాకుండా ఇక్కడే ఎందుకు ఆగానని అమ్మ అలిగి ఉంటుంది. ఆదివారం వస్తానని చెప్పు.

కేంద్ర ప్రభుత్వం 1968లో పెట్టిన టూల్ డిజైన్ సంస్థ ఈ బాలానగర్‌లోనే ఉంది. చుట్టూ సందుల్లో డైలు చేసేవాళ్లు, నికెల్ పూత వేసేవాళ్లు, విమానాలకు విడిభాగాలు చేసిచ్చేవాళ్లు. కంచన్‌బాగ్‌లో 1973లో పెట్టిన మిధాని అనే లోహాల కంపెనీ టైటానియం కరిగిస్తున్నది. లోహం తెలియకపోవడం మన లోటు కాదు. అయినా నా ట్రేలో ఉన్న బర్లు పరాయి దేశాలవే. ఎక్కువ వాడేది జపాన్ వాళ్ల మాని. 1956లో మొదలైన కంపెనీ అది, ఉత్సునోమియాది. వియత్నాంలో థాయ్ గుయెన్ అనే రాష్ట్రంలో కూడా ఫ్యాక్టరీ పెట్టి అక్కడివాళ్లకు పని నేర్పారు. థాయ్ గుయెన్ వాళ్లు నేర్చుకున్నది జనగామ వాళ్లు నేర్చుకోలేరంటే నేను ఒప్పుకోను.

నికెల్ పూత వేసే ఒక షెడ్డు యజమానికి నేను తెచ్చిన వజ్రపు బర్లు చూపించాను. నిన్న తను కొన్ని చేసి ఇచ్చాడు. మైక్రోస్కోపు కింద పెట్టి ఇద్దరం చూశాం. ఒక పక్క రేణువులు గుంపుగా పడ్డాయి, ఇంకో పక్క ఖాళీ. కరెంటు, ద్రావణం వేడి, ములికిని తిప్పే తీరు మారిస్తే సర్దుకుంటుందని ఆయన ధైర్యం. నాకూ నమ్మకమే. కానీ బాగా వచ్చిన పదింటిని చూపించడం వేరు, పదివేలూ ఒకేలా రావడం వేరు. 2020 ఏప్రిల్ నుంచి మన దేశంలో వైద్య పరికరాలన్నీ ఔషధాల చట్టం కిందికి వచ్చాయి. లైసెన్సు, రికార్డులు, పరీక్షలు అన్నీ కావాలి. దాన్ని బెడద అనుకునేవాళ్లు ఉన్నారు. నేను అనుకోను. నోరు తెరిచి నమ్మకంగా పడుకున్న మనిషికి ఆ మాత్రం పూచీ ఇవ్వాల్సిందే.

అందుకే యంత్రం కంటే ముందు చూసే బల్ల పెడదామనుకుంటున్నా, జనగామలో. ఒక మైక్రోస్కోపు, ఊగు కొలిచే డయల్ గేజీ, కోత పరీక్షకు మోటారు. చుట్టుపక్కల క్లినిక్కుల్లో వాడే బర్లను మొదట పరీక్షిస్తాం. ఏది ఎన్ని పళ్ల తర్వాత మొద్దుబారుతున్నదో రాసిపెడతాం. తర్వాత బాలానగర్‌లో చేసినవి ఆ బల్ల మీదికే వస్తాయి. అక్కడ కూర్చోవడానికి ఓపికగల కళ్లు కావాలి. పెంబర్తిలో ఇత్తడి రేకు మీద ఉలి ఎంత లోతు దిగిందో చూపుతోనే పట్టేవాళ్లున్నారు. ఆ ఇళ్లలో పదో తరగతి, ఇంటర్ చదివి ఖాళీగా ఉన్న ఆడపిల్లలు ఉంటారు. నీకు ఆ విశ్వకర్మ కుటుంబాలతో బంధుత్వం ఉంది, నాకు లేని చనువు ఉంది. ఆదివారానికి పేర్లు రాసిపెట్టు. సోమవారం ఇద్దరం పెంబర్తి పోయి, పని ఏమిటో వాళ్ల అమ్మానాన్నలకు చెబుదాం. మొదటి నెల నుంచే జీతం ఇస్తానని కూడా చెప్పు.

నీ బిడ్డ